అయిదున్నర వాన

“శనివారం సాయంత్రం వాన రాకుండా చూడు,” అన్నాడు భర్త, పాలు పొంగకుండా చూడు అన్నంత మామూలుగా.

గురువారం పొద్దున. అతను బూట్ల లేసులు కట్టుకుంటున్నాడు. ఆమె ఒక చేత్తో అతని భోజనం డబ్బాకి మూత బిగిస్తూ, ఇంకో చేత్తో ఫోన్లో రాడార్ బొమ్మ చూస్తోంది. తన జోకుకి తనే ముందు నవ్వేసి, ఎదుటివాళ్ళు నవ్వేదాకా ఆగడం అతని అలవాటు. ఆమె నవ్వలేదు. శనివారం అయిదు దాటాక ఉరుములతో గట్టి వాన వస్తుందని, అయిదున్నరకి ఊరి మీదుంటుందని చెప్పింది. అతని మొహం మాడింది. శనివారం వాళ్ళ ఆఫీసు ఆటల పోటీలు. పిల్లాపాపలతో కలిపి నూటయాభై మంది, ఊరి చివర మైదానంలో, సరిగ్గా అయిదింటికి. ఆ టైము పెట్టింది మేనేజరుగారు.

“కాస్త అటూ ఇటూ చెయ్యలేవా? ఎనిమిదింటికి వస్తుందంటే ఏం పోయింది?” అన్నాడు, కూరలో ఉప్పు తగ్గించమన్నట్టు. నేను చెప్పింది ఆకాశం సంగతి, మీ మేనేజరుగారి సంగతి కాదు అని ఆమె అనబోయేలోపు గుమ్మం దాటేశాడు.

ఆమెకి ఈ పిచ్చి పట్టి ఆరేళ్ళయింది. పళ్ళ డాక్టరు దగ్గర ముందు గదిలో కూర్చుని వచ్చినవాళ్ళ పేర్లు, టైములు రాసుకునే ఉద్యోగం ఆమెది. ఆ గదికున్న ఒకే ఒక్క కిటికీ పడమటి వైపు. ఒక ఎండాకాలం మధ్యాహ్నం దవడ వాచిన బస్సు డ్రైవరొకాయన ఆ కిటికీలోంచి తెల్లటి మబ్బొకటి చూపించి, నాలుగూ ఇరవైకి ఇక్కడ దంచికొడుతుంది చూడమ్మా అన్నాడు. నాలుగూ పద్దెనిమిదికి దంచికొట్టింది. ఎలా తెలిసిందని అడిగితే తన ఫోన్లోని గుంపులో ఆమెని చేర్చాడు. మందుల షాపాయన, రిటైరైన లెక్కల మాస్టారు, అలాంటి ఇరవై మంది. ఎండలు ముదిరాయంటే చాలు, చుట్టాల బస్సు కోసం కాపుకాసినట్టు ఉరుముల కోసం కాచుకుంటారు. ఎవరి ఊళ్ళో ఉక్కపోత ఎంత, గాలి ఎటు తిరిగింది, మబ్బు ఎంత ఎత్తు లేచింది, అన్నీ రాసుకుంటారు. ఆమె పేరుకి బదులు ఒక మబ్బు బొమ్మ పెట్టుకుంది కాబట్టి డ్రైవరు తప్ప మిగతా అందరూ ఆమెని ‘అన్నా’ అని పిలుస్తారు. ఆమె దిద్దలేదు. ఆ గుంపులో ‘అన్న’ చెప్పిందానికి ఎవరూ ఎదురు ప్రశ్న వెయ్యరు. ఆ సుఖం ఆమెకి ఇంట్లో లేదు.

వచ్చిన చిక్కల్లా వేళతోటే. ఎండాకాలపు ఉరుములు మధ్యాహ్నమంతా ఉడికి ఉడికి సాయంత్రం అయిదుకీ ఆరుకీ మధ్య విరుచుకుపడతాయి. ఇల్లు ఆమె మీద పడేదీ సరిగ్గా అప్పుడే. మామగారికి కాఫీ, అత్తగారికి మందులు, కూతురి హోంవర్కు, రాత్రి వంటకి కూరలు. గుంపులో మగవాళ్ళు కెమెరాలు పుచ్చుకుని నీళ్ళ ట్యాంకు ఎక్కేవాళ్ళు. ఒకాయన వాళ్ళావిడ ఫ్లాస్కులో కాఫీ పోసిచ్చి పంపిందని ఫోటో కూడా పెట్టాడు. ఆమె మాత్రం ఆరేళ్ళలో ఒక్క వాననీ మొదట్నించి చివరిదాకా చూడలేదు. తనే ముందుగా పసిగట్టిన వాన, తనే టైము చెప్పిన వాన, వంటింటి కిటికీ ఊచల మధ్య ముక్కలు ముక్కలుగా కనిపించి వెళ్ళిపోయేది. మబ్బుల్ని చూస్తూ కూర్చుంటే అన్నం దానంతటదే ఉడుకుతుందా అనేది అత్తగారు. ఆడవాళ్ళకి ఇదేం సరదా, ఇంకేమైనా నేర్చుకోకూడదూ, అల్లికలూ అవీ అనేవారు మామగారు, పేపరులోంచి తలెత్తకుండా.

భర్త మాత్రం ఏమీ అనేవాడు కాదు, వాడుకునేవాడు. నాలుగేళ్ళ కిందట ఒకరోజు గొడుగు తీసుకెళ్ళమంటే తీసుకెళ్ళాడు. ఆఫీసు మొత్తంలో తడవకుండా ఇంటికొచ్చింది అతనొక్కడే. మర్నాటినుంచి రోజూ పొద్దున అడగడం, ఆఫీసులో చెప్పడం. అక్కడతన్ని వాతావరణం సార్ అంటారు. ఒకసారి వాళ్ళ ఆఫీసాయన ఇంటికి భోజనానికి వెళ్ళినప్పుడు, ఆమె పక్కనే కూర్చుని ఉండగానే, “నా లెక్క ప్రకారం ఎల్లుండి పడాలి” అన్నాడు. ఇంటికొచ్చాక అడిగితే, “మనిద్దరిలో ఎవరు చెబితే ఏంటి?” అన్నాడు. మరి గిన్నెలు కూడా మనిద్దరిలో ఎవరు తోమితే ఏంటి అని ఆమె ఆ రాత్రి సింకు ముందు నిలబడి గోడతో అంది.

శనివారం కూతుర్ని అత్తగారి దగ్గర వదిలి వెళ్ళిన ఆమెని నిమ్మరసం బల్ల దగ్గర నిలబెట్టారు. ఉద్యోగులకి ఆటలు, ఉద్యోగుల భార్యలకి గ్లాసులు. నాలుగుముప్పావుకి పడమట మబ్బు లేచింది. అడుగున నల్లగా, పైన ఇస్త్రీబల్లలా చదునుగా సాగిపోయి ఉంది. మైదానం నిండా ఇనప గుంజల మీద టెంట్లు, ఒక పక్కన వరండా ఉన్న భవనం. లైటు స్తంభం కింద పిల్లలు అప్పుడే తాడు లాగడం మొదలుపెట్టారు. ఫోన్ చూస్తే డ్రైవరు రాశాడు. వంతెన దగ్గర గోళీలంత వడగళ్ళట, బస్సు ఆపేశాడట. ఆ వంతెన మైదానానికి పడమట పాతిక కిలోమీటర్లు.

విజిలు మెడలో వేసుకుని తిరుగుతున్న భర్త దగ్గరికి వెళ్ళి చెప్పింది. అతను చుట్టూ చూసి గొంతు తగ్గించాడు. “ఇప్పుడు నువ్వు నోరు విప్పకు. ఎనిమిదిదాకా రాదని అందరికీ చెప్పాను. నా పరువు తియ్యకు.”

ఆమె వెనక్కి వచ్చి మళ్ళీ గ్లాసులు నింపింది. నింపుతున్నందుకు తన మీద తనకే ఒళ్ళు మండిపోయింది. అయిదూ పన్నెండుకి మబ్బు పొట్టలో మెరుపు. లెక్కపెట్టింది. మెరుపు తరవాత ముప్పై సెకన్లలోపు ఉరుము వినిపిస్తే పిడుగు మన దాకా రాగలదని గుంపులో మొదట నేర్చుకున్న పాఠం. ఇరవై నాలుగుకి ఉరిమింది. జగ్గు బల్ల మీద పెట్టేసి, పాయింట్లు చదువుతున్న అమ్మాయి దగ్గరికి వెళ్ళి మైకు అడిగి తీసుకుంది.

“ఆటలు ఆపి అందరూ భవనంలోకి వెళ్ళండి. పిడుగులు పడే వాన వస్తోంది. పావుగంట కూడా లేదు. టెంట్ల కిందా చెట్ల కిందా ఉండకండి.”

తాడు లాగుతున్న పిల్లలు ఆగారు. కుర్చీలో కూర్చున్న మేనేజరుగారు భర్త వైపు తిరిగారు. “ఏమయ్యా, ఎనిమిదన్నావుగా?”

అతను నవ్వాడు. “మా ఆవిడకి ఉరుములంటే భయమండీ. చిన్నప్పట్నించీ అంతే.”

మర్యాదకి నలుగురు నవ్వారు. ఆమె చేతిలో మైకు ఇంకా ఉంది.

“ఎనిమిదన్నది ఆయన. నేను చెప్పింది అయిదున్నర,” అంది. “నాలుగేళ్ళుగా మీరు గొడుగులు తెచ్చుకుంటున్నది నేను చెప్పిన మాట విని. అప్పుడు నమ్మారు కదా, ఇప్పుడూ నమ్మండి.”

మొదట మేనేజరుగారి భార్య లేచింది. ఆవిడ మొగుడి వైపు చూడలేదు. ఇద్దరు పిల్లల చేతులూ పట్టుకుని భవనం వైపు నడిచింది. ఆవిడ వెనక నిమ్మరసం బల్ల దగ్గరి ఆడవాళ్ళు, వాళ్ళ వెనక మిగతా అందరూ.

అయిదూ ఇరవై ఆరుకి ఈదురుగాలి మైదానాన్ని ఊడ్చేసింది. రెండు టెంట్లు బోర్లాపడ్డాయి. మరో మూడు నిమిషాలకి కళ్ళు చెదిరే వెలుగు, దాంతోపాటే చెవులు పగిలే చప్పుడు. పిడుగు లైటు స్తంభం మీద పడింది. పిల్లలు వదిలేసిన తాడు ఇంకా దాని కిందే ఉంది. వరండాలో నూటయాభై మంది ఒకరికొకరు దగ్గరగా జరిగారు. ఎవరో తల్లి తన కూతుర్ని మాటిమాటికీ తడిమి చూసుకుంటోంది.

అప్పుడు భర్త ఆమె పక్కకి వచ్చి పళ్ళ బిగువున అన్నాడు, “నిమ్మరసం ట్రేలన్నీ బయటే వదిలేశావు.”

ఆమె అతని వైపు ఒక్కసారి చూసి, మళ్ళీ తల తిప్పుకుని, వరండా స్తంభానికి ఆనుకుని నిలబడింది. వాన తెరలు తెరలుగా నడిచొచ్చింది. వడగళ్ళు గడ్డి మీద ఎగిరెగిరి పడ్డాయి. మబ్బు నెత్తిన నల్లబడి, పచ్చబడి, నెమ్మదిగా తూర్పుకి జరిగి, చివరికి దాని వెనకవైపు ఎండకి మెరుస్తూ కనిపించింది. నలభై నిమిషాలు. ఎవరు పిలిచినా కదల్లేదు. మొదట్నించి చివరిదాకా చూసింది.

ఇంటికి వెళ్ళేటప్పుడు కారులో అతను, ఇంతమందిలో అలా అనాల్సింది కాదని ఒకసారి, భయం అన్న మాట తను సరదాకి అన్నానని ఒకసారి గొణిగాడు. ఆమె కిటికీలోంచి రోడ్డు మీద పారుతున్న నీళ్ళు చూస్తూ కూర్చుంది. సిగ్నల్ దగ్గర బండి ఆగాక గొంతు సవరించుకున్నాడు.

“పోటీలు వచ్చే శనివారానికి మార్చారు. వాన సంగతి ముందే చెప్పమన్నారు మేనేజరుగారు.” ఎప్పటి గొంతుతోనే అడిగాడు. “ఏం చెప్పమంటావు?”

“నా ఫోన్ నంబరు చెప్పండి,” అంది.