పాలల్లో కలిపిన పొడి

సరోజినీ నగర్ క్వార్టర్స్‌లో కేశవరావుగారిని చూసినవాళ్లందరూ ఆ నెలలో ఒకే మాట అన్నారు. "బుగ్గలొచ్చాయి సార్, తేరుకున్నారు." ఆ మాట వినడానికి ఆయన భార్య కమలాకుమారి కావాలని ఆయన్ను రెండు పూటలా పార్కుకు తీసుకెళ్లేది.

ఆయన కేంద్ర ప్రభుత్వంలో సెక్షన్ ఆఫీసరు. రక్త క్యాన్సర్ రెండుసార్లు మందులకు లొంగి, మళ్లీ తిరగబెట్టింది. ఇక మిగిలింది ఒక్కటే దారి. మన ఒంట్లో రోగాలతో పోరాడే టి కణాలుంటాయి. ఆయన టి కణాలను బయటికి తీసి, క్యాన్సర్‌ను గుర్తుపట్టేలా మార్చి, కోట్లలో పెంచి తిరిగి ఎక్కించాలి. కణాలు తీసే తేదీ కూడా ఖాయమైంది.

ఈలోగా ఆఫీసులో ఎవరో నోయిడాలో ఒక వైద్యుడున్నాడన్నారు. ఆయనిచ్చే ఇమ్యూనిటీ పొడి తింటే టి కణాలు ఉక్కులా తయారవుతాయట. కమలాకుమారి తెచ్చి రోజూ పాలల్లో కలిపింది.

"మమ్మీ, డాక్టర్ సే పూఛా?" అంది కూతురు వర్షిణి, వైద్యం చేస్తున్న డాక్టర్ ఇంద్రజను అడిగావా అని.

"అన్నీ ఆవిడనే అడగాలా? వద్దంటే మానెయ్యాలిగా. చెట్ల పొడే, ఏం చేస్తుంది."

నవ్వకండి. మనలో ఎంతమందిమి ఇలా చెయ్యలేదు? "ఇంకేమైనా వాడుతున్నారా?" అని డాక్టర్ ఇంద్రజ అడిగినప్పుడు కమలాకుమారి తడుముకోకుండా "లేదండీ" అంది.

తేదీ వచ్చింది. రక్తపరీక్షలో టి కణాలు బాగా తగ్గి కనిపించడంతో డాక్టర్, ఆ బుగ్గలు చూసి మళ్లీ అడిగింది. ఈసారి కమలాకుమారి డబ్బా తీసి బల్లమీద పెట్టింది. పరీక్ష చేయిస్తే అందులో స్టెరాయిడ్ ఉందని తేలింది.

"ఇది తేరుకోవడం కాదమ్మా, ఉబ్బు. ఏ కణాలకు బలమిద్దామనుకున్నారో వాటినే ఇది అణిచేసింది. ఒక్కసారిగా ఆపినా ప్రమాదమే. మెల్లగా తగ్గించి, కణాలు కోలుకున్నాక తీస్తాం. మూడు నాలుగు వారాలు పట్టొచ్చు."

"అప్పటిదాకా జబ్బు ఆగుతుందా అండీ?"

"చెప్పలేను."

కమలాకుమారి డబ్బా మూత బిగించి డాక్టరు ముందుకు తోసింది. కేశవరావుగారు ఆమె భుజం మీద చెయ్యి వేసి, "నా మీద ప్రేమతోనే చేశావు" అన్నారు. ఆ ఓదార్పు ఆమెను తిట్టుకంటే ఎక్కువ కాల్చింది.

నాలుగో వారంలో కణాలు తీశారు. ఒక్క విడత ఎక్కించడానికి మాత్రమే సరిపోయాయి. జబ్బు ఈలోగా కాలేయానికీ పాకింది. ఆయన గెలుస్తారో లేదో ఈ వాక్యం రాసేనాటికి ఎవరికీ తెలియదు.

ఆసుపత్రి వరండాలో పక్కన కూర్చున్న ఒకావిడ సంచిలోంచి ఏదో సీసా తీసి, భర్త గ్లాసులో పొయ్యబోయింది. కమలాకుమారి ఆమె చెయ్యి పట్టుకుంది.

"ముందు డాక్టర్‌కి చూపించండి దీదీ. ఆవిడ అడిగినప్పుడు నేను లేదన్నాను. ఆ ఒక్క అబద్ధానికి మా ఆయనకి నెల రోజుల ఆయుష్షు పోయింది. ఎంత ప్రేమతో పెట్టినా సరే, డాక్టరుకు తెలియకుండా పెట్టేది మందు కాదు."