మలుపు మీద తెల్లరాళ్లు

ఆఖరి రాయికి సున్నం పూసి రాయమల్లు నడుం నిటారుగా చేశాడు. వెన్నెముక కటకటలాడింది. కరీంనగర్ నుంచి వేములవాడ పోయే రోడ్డు మీద అప్పుడే ఎండ పడుతోంది. ఎడమ కనుబొమ మీద కంకర పలుకు చీల్చిన మచ్చ, మోచేతుల దాకా సున్నం, మొరం అదిమే దిమ్మిస పట్టిపట్టి చెక్కలా మొద్దుబారిన అరచేతులు. రోడ్డు గ్యాంగులో అతన్ని చూసినవాళ్లకు గుర్తుండేది అంతే.

బండ్లన్నీ ఒకే గాడిలో నడిస్తే మొరం రోడ్డు కోసుకుపోతుంది. అందుకే పొద్దున్నే గాడి మీద తెల్లరాళ్లు పేర్చి బండ్లను పక్కకు మళ్లించాలి. కొత్తచోట గాడి పడితే రాళ్లను అక్కడికి జరపాలి. బండివాళ్లు ఎందుకని అడగరు. రాయి ఎటు తోలమంటే అటు తోలుతారు. రాయమల్లు వయసంతా ఆ రాళ్లను జరపడంతోనే గడిచిపోయింది.

ఈ రోజు మాత్రం రాళ్లను గాడి మీద పెట్టలేదు. వాగు ఒడ్డు మలుపుకు అడ్డంగా, ఈ అంచు నుంచి ఆ అంచు దాకా పేర్చాడు. తర్వాత దొర మామిడితోటకు రెండు వైపులా ఉన్న ముళ్లకంపను లాగి అవతల పారేశాడు. ముళ్లు గుచ్చుకుని చేతులు రక్తం కారుతున్నా తుడుచుకోలేదు.

ఆ తోట మధ్యలో మామిడి వరసల నడుమ ఉన్నదే అసలు బాట. తాతల నాటి బండ్ల బాట అదే. నిజాం కాలంలో రోడ్డు వేసేటప్పుడు దొర దాన్ని తోటలో కలుపుకొని, రోడ్డును వాగు ఒడ్డుకు వంచాడు. ఊరంతటినీ వెట్టికి పట్టి గట్టు తవ్వించాడు. గట్టు కూలి రాయమల్లు అన్న అంతయ్య మట్టి కింద కూరుకుపోయాడు. పని ఆగొద్దన్నాడు దొర. శవాన్ని తీసింది పొద్దుగూకినాక. పోలీసు చర్యప్పుడు పట్నం పారిపోయిన దొర తెల్లటోపీ పెట్టుకొని తిరిగొచ్చాడు. రాజ్యం మారింది, రాష్ట్రం మారింది, మలుపు మారలేదు. నిరుడు శివరాత్రి జాతరకు పోయే బండి అక్కడే వాగులోకి తిరగబడింది. తల్లినీ చంటిబిడ్డనూ పైకి మోసుకొచ్చింది రాయమల్లే. ఇద్దరిలో ఎవరూ బతకలేదు.

ఈసారి రోడ్డుకు డాంబరు మంజూరైంది. కొలతలవాళ్లు తోటలోంచి తిన్నగా గుంజలు పాతారు. రాయమల్లు ఆ రాత్రి కడుపునిండా తిన్నాడు. వారం తిరగకుండానే గుంజలు మళ్లీ మలుపు మీదికి వచ్చాయి. జాతర కాగానే రోలరు ఎక్కుతుందని గ్యాంగు మేస్త్రీ పర్శరాములు చెప్పాడు. భార్య సమ్మవ్వ నిన్న జొన్న గటక వడ్డిస్తూ మొగుడి మొహం చూడకుండా అన్నది:

"డాంబరు పడ్డంక మలుపును ఇగ ఎవ్వడు తియ్యడు. మీ అన్న సచ్చినకాడ దిమ్మిస కొట్టుడు గూడ నీ పనే. మంచిగ కొట్టు, దొర మెచ్చుకుంటడు."

రాయమల్లు తినకుండా లేచాడు.

తొలి బండ్లు రానే వచ్చాయి. తెల్లరాళ్లను చూడగానే మొదటి బండివాడు ఎడ్లను తోటలోకి తిప్పాడు. వెనక బండి దాని వెంట నడిచింది. హుజూరాబాద్ వైపు నుంచి వచ్చే జాతర బండ్ల వరస మలుపును వదిలి తిన్నగా సాగిపోయింది. రాయమల్లు పళ్లు బిగించి చూస్తూ నిలబడ్డాడు.

దొర మున్షీ లింగమూర్తి ఇద్దరు జీతగాళ్లతో ఉరికొచ్చాడు. బండ్లకు అడ్డం నిలబడి వెనక్కు తిప్పమన్నాడు. అప్పుడే కమలవ్వ అనే ముసలామె పసుపు పూసిన కోడెను తోలుకొచ్చింది. వేములవాడ రాజన్నకు మొక్కిన కోడె అది. దాన్ని దారిలో ఆపడం మంచిది కాదని ఆ చుట్టుపక్కలంతా భయం.

"ఆపుతవా బిడ్డా? ఆపు," అన్నది కమలవ్వ నింపాదిగా. "ఏ ఊరోనివి, ఎవ్వరి కొడుకువు? నీ పేరు గుళ్లె చెప్పుకుంట."

జీతగాళ్లు పక్కకు తప్పుకున్నారు. వాళ్లను చూసి మున్షీ కూడా తప్పుకున్నాడు. కోడె నడిచింది, దాని వెనక బండ్లన్నీ నడిచాయి. పరువు పోయిన మున్షీ ఆ కసంతా రాయమల్లు మీదికి తిప్పాడు.

"ఎవని బాట అనుకున్నవురా? తీయ్ రాళ్లు."

"మా అన్నను తీసినరా జల్ది? రాళ్లు గూడ గట్లనే. పొద్దుగూకినంక తీస్త."

జీతగాడి చేతిలోని కర్ర గుంజుకొని మున్షీ కొట్టాడు. దెబ్బ చెవి వెనక తగిలింది. రాయమల్లు కిందపడి, లేచి, తలకు తువ్వాలు చుట్టుకున్నాడు. మున్షీ ఇంకో దెబ్బకు చెయ్యెత్తేసరికి బండ్ల మీది మగవాళ్లు దిగడం మొదలుపెట్టారు. అతను దొరకు చెప్పొస్తానని వెళ్లిపోయాడు. దవాఖానకు పొమ్మని మేస్త్రీ బతిమిలాడినా రాయమల్లు కదల్లేదు. చక్రం తగిలి రాయి జరిగితే సరిచేశాడు. మధ్యాహ్నం రెండుసార్లు కక్కుకొని, నోరు కడుక్కొని, మళ్లీ వచ్చి నిలబడ్డాడు.

సాయంత్రం సమ్మవ్వ గటక ముంత పట్టుకొని వచ్చేసరికి అతను చివరి తెల్లరాయికి వీపు ఆనించి కూర్చున్నాడు. కళ్లు తోట వైపే ఉన్నాయి. బండ్లను చూస్తున్నాడనుకున్నది.

"పొద్దుగూకింది. తిను. నిన్న నేనన్నది మనసుల వెట్టుకోకు."

భుజం పట్టి కదిపింది. చల్లగా ఉంది.

ముంత కింద పెట్టి పక్కనే కూర్చుంది. వరసలో ఒక రాయి పక్కకు దొర్లి ఉంది. లేచి వెళ్లి, రెండు చేతులా ఎత్తి దాని చోట్లో పెట్టి వచ్చింది.

జాతర ముగిసే వేళకు తోటలో మోకాలి లోతు గాడులు పడ్డాయి. ఇంజనీరు జీపు కూడా బండ్ల వెనకే తిన్నగా వచ్చింది. ఇక గుంజలు అక్కడే పాతారు, డాంబరు అక్కడే పోశారు. రాయమల్లు కాలుజారి పడి చచ్చాడని కాగితం రాసుకొని మున్షీ జోలికి ఎవరూ పోలేదు. కొత్త రోడ్డు మొదట్లో నాపరాతి పలక నాటారు. ప్రజల మేలు కోరి దొరగారు ఈ బాటను దానం చేశారని దాని మీద చెక్కి ఉంది.

పాత మలుపులో గడ్డి మొలిచింది. ఆ గడ్డిలో ఒక రాయి ఉంది, సున్నమంతా ఉంది, మనిషి వీపు ఒరుసుకున్నచోట తప్ప.