బాతుబొమ్మల పరుపు

పరుపులు కుట్టడంలో శెహాతాని మించినవాడు ఈజిప్టులోని దుమ్యాత్ ఊరు మొత్తంలో లేడని ఒకప్పుడు అందరూ అనేవారు. ఇప్పుడూ అంటారు, కాకపోతే అనేది శెహాతా ఒక్కడే. ఆ రోజుల్లో ఇళ్ళకు వెళ్ళి, డాబాల మీద కూర్చుని దూది ఏకి, పెళ్ళిపరుపులు కుట్టేవాడు. దూది పరుపుల కాలం పోయాక పసిపిల్లల తొట్లు చేసే కార్ఖానాలో చేరాడు. అక్కడ తొట్టి కొంటే పరుపు ఉచితం. ఉచితంగా ఇచ్చేదాంట్లో ఏముంటుంది? సోఫాలకు కోయగా మిగిలిన స్పాంజి ముక్కలు, ముఖమల్ పీలికలు, నేల ఊడ్చిన చెత్త. పైన మాత్రం బాతుబొమ్మల తెల్లగుడ్డ. పైన పటారం, లోన లొటారం.

"పసిపిల్లల పరుపు గట్టిగా ఉండాలయ్యా. పిడికిలితో గుద్దితే గుంట పడకూడదు. దీని మీద బోర్లాపడితే ముక్కు కూరుకుపోతుంది" అని మొదట్లో యజమానితో అన్నాడు.

"కొనేవాళ్ళు పిడికిలితో గుద్దరు మామా, అరచేత్తో నిమురుతారు. మెత్తగా ఉంటే చాలు. అయినా ఇదంతా ఎక్కడో ఎగువన సయీద్ సీమ పల్లెలకు పోయే సరుకు. మనూళ్ళో ఎవరు కొంటారు?"

ఆ మాట శెహాతాకి హాయిగా ఉంది. మన కంటికి కనపడని పిల్లలకు ముక్కులుండవు కదా.

ఇంతలో కూతురు రఘ్దాకి తొలికాన్పు వచ్చింది. తొలిబిడ్డకు తొట్టీ పరుపూ పుట్టింటివాళ్ళే పెట్టాలి. మంచి దూది తెచ్చి, తన చేత్తో కుట్టి పెడతానని మాటిచ్చాడు. కార్ఖానాలో పండగ ముందు పని తలమునకలుగా ఉంది. ఇవాళ, రేపు అనుకుంటూనే బిడ్డ పుట్టిన ఏడో రోజు వచ్చేసింది. సగం ఏకిన దూది గోనెసంచిలోనే ఉండిపోయింది. మిఠాయి పొట్లం పట్టుకుని వియ్యాలవారింటికి వెళ్ళాడు.

అక్కడ ఏడోరోజు వేడుకలో ఆడవాళ్ళు పసిపిల్లను జల్లెడలో పడుకోబెట్టి, ఇత్తడి రోలు మోగిస్తూ, "అమ్మ మాట విను, నాన్న మాట వినకు" అని చెవిలో చెబుతున్నారు. రఘ్దా జల్లెడను ఏడుసార్లు దాటింది. ధూపం వేశారు, ఉప్పు చల్లారు. అప్పుడు వియ్యపురాలు నగాత్ గదిలోంచి కొత్త తొట్టిని తోసుకొచ్చింది.

"పుట్టింటివాళ్ళకు తీరలేదుగా, మేమే కొన్నాం. పరుపు చూడండి అన్నయ్యగారూ, వెన్నలా ఉంది. మీరు కుట్టగలరా ఇలాంటిది?"

శెహాతా చూశాడు. బాతుబొమ్మలు. మూల దగ్గర మూడు కుట్లు వెనక్కి వేసి, ముడి లోపలికి దూర్చి ఉంది. ముడిని అలా దూర్చేవాడు ఊళ్ళో ఒక్కడే.  చెబితే పరువు పోతుంది, చెప్పకపోతే మనవరాలు దీని మీదే పడుకుంటుంది.

"పిల్లను ఇందులో వద్దు చెల్లెమ్మా. రేపు దూదిది తెస్తాను."

"తెచ్చేవారు ఇవాళే తెచ్చేవారు. వట్టి చేతులతో వచ్చి, మేం పెట్టినదానికి వంకలా?" అంటూ నగాత్ పిల్లను ఎత్తి తొట్టిలో వేయబోతూ జల్లెడ వైపు వంగింది.

శెహాతా పరుపు మీద పిడికిలితో గుద్దాడు. గుంట పడింది, మళ్ళీ పైకి లేవలేదు. జేబులోంచి కత్తెర తీసి కుట్టు విప్పాడు. స్పాంజి ముక్కలు, పీలికలు, ఒక సిగరెట్టు పీక, ఒక వంగిన మేకు చాప మీద రాలాయి. రోలు మోత ఆగిపోయింది.

"లోపలేముందో మీకెలా తెలుసు?" అంది నగాత్.

"కుట్టింది నేనే."

ఆమె ఆ చెత్తనూ అతన్నీ మార్చి మార్చి చూసింది. "సరిపోయింది. అయితే పుట్టింటి పరుపు రానే వచ్చిందన్నమాట" అంది. చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు.

శెహాతా సిగ్గుతో చచ్చిపోయాడు. అయినా పిల్ల గండం తప్పింది, అది చాలనుకున్నాడు. కూతురైనా మెచ్చుకుంటుందేమోనని అటు చూశాడు.

రఘ్దా మెచ్చుకోలేదు. "ఇలాంటివి నిన్న ఎన్ని కుట్టావు నాన్నా?"

"ముప్ఫై."

"ఎవరికి?"

"సయీద్‌కి అమ్మా. చాలా దూరం."

"ఇదీ అక్కడికే పోయిందనుకున్నావుగా."

 శెహాతా మనవరాలిని ఎత్తుకుందామని చేతులు చాపాడు.

"రేపు పనికి వెళ్తావా?" అని అడిగింది రఘ్దా.

"పండగ దాకా ఒప్పుకున్న పనమ్మా" అన్నాడు.

రఘ్దా జల్లెడను తన వైపు లాక్కుంది.