సత్తియ్య నీళ్ళగిన్నె

సత్తియ్య సానరాయి మీద నీళ్ళు చిలకరించి కత్తి నూరుతున్నాడు. దగ్గు వచ్చినప్పుడు ఆగుతున్నాడు, తగ్గగానే మళ్ళీ నూరుతున్నాడు. చివరికి ముంజేతి మీద వెంట్రుకలు గీసి పదును చూసుకున్నాడు. ఆ చెయ్యి ఎండిన కొబ్బరిమట్టలా ఉంది. నరాలు పైకి తేలాయి.

భార్య అప్పాయమ్మ గడపలో నిలబడి చూస్తోంది.

"చెయ్యనని చెప్పడానికెళ్తూ అంత పదునెందుకు?"

"మొండికత్తి పట్టుకెళ్తే చేతకాక మానేశాడంటారే."

ఆ ఉదయం గోదావరి రేవులో సూర్యప్రకాశశాస్త్రిగారి మనవరాలు బాలాత్రిపురసుందరికి జుట్టు తీయించాలని అగ్రహారం పెద్దలు నిర్ణయించారు. పన్నెండు నిండని పిల్ల. ఎనిమిదో ఏట పెళ్ళయింది, మరుసటేడు మశూచి వచ్చి మొగుడు పోయాడు. రజస్వల అయ్యేదాకా ఆగారు. ఆ గడువు మొన్ననే తీరింది.

సత్తియ్య కులంలో ఆడవాళ్ళు ఊరందరికీ పురుళ్ళు పోస్తారు. మగవాళ్ళు క్షౌరం చేస్తారు, పెళ్ళిళ్ళలో మేళం వాయిస్తారు. చాలా ఏళ్ళ కిందట ఒక పెళ్ళిలో మేళగాళ్ళందరూ భోజనాలకు కూర్చున్నప్పుడు అతను లేచి మాట్లాడాడు. "మన ఆడాళ్ళ చేతుల్లో పుట్టిన పిల్లలు. మన సన్నాయి మోగితేనే వాళ్ళ మెడలో తాళి పడింది. మొగుడు పోతే జుట్టు తియ్యడానికీ మనమేనా? పసిపిల్లల తలల మీద కత్తి పెట్టబోమని ఒట్టేసుకుందాం" అన్నాడు.

"సత్తియ్య పురాణం మొదలెట్టాడ్రోయ్, విస్తళ్ళు ఎత్తెయ్యండి" అని నవ్వారు.

అతను మానలేదు. కాలవ పడవలెక్కి మొగల్తూరు దాకా తిరిగాడు. ఏ పెళ్ళికి మేళం కూడినా అదే మాట చెప్పాడు. ఒక్కొక్కరూ కత్తి మీద చెయ్యి వేసి ఒట్టుపెట్టారు. ఆ కోపంతో అగ్రహారంలో సగం ఇళ్ళు పంట రోజుల్లో అతనికి ధాన్యం కొలవడం మానేశాయి. అప్పాయమ్మ పోసిన పురుళ్ళే వాళ్ళిద్దరికీ కూడు పెట్టాయి.

ఒట్టు పెట్టనివాడు ఒక్కడు మిగిలాడు. అతని మేనల్లుడు లోవరాజు. క్షౌరానికి ఎవరి వాడుక ఇళ్ళు వాళ్ళకే వంశపారంపర్యం, ఒకరి ఇళ్ళలో ఇంకొకరు కత్తి తీస్తే కులంలో వెలివేస్తారు. కానీ సత్తియ్యకు పిల్లలు లేరు, అతని తరవాత ఆ ఇళ్ళన్నీ లోవరాజువే. సత్తియ్య దగ్గు ఊరంతటికీ తెలుసు. అందుకే పెద్దలు నిన్న లోవరాజును ఏరు దాటించి తెచ్చారు.

శ్రావణమాసం. గోదావరి ఎర్రగా నిండుగా పోతోంది. సత్తియ్య మధ్యమధ్య ఆగుతూ రేవు చేరేసరికి లోవరాజు అప్పటికే కత్తుల పొది విప్పి కూర్చున్నాడు. ఎదురుగా పీట మీద బాల. జడ విప్పేశారు. జుట్టు నేలను తాకుతోంది. శాస్త్రిగారు నీళ్ళవైపు తిరిగి నిలబడ్డారు.

సత్తియ్య తన ఇత్తడి గిన్నెతో ఏటినీళ్ళు ముంచి తెచ్చి లోవరాజు ముందు పెట్టాడు. తను నూరిన కత్తి పక్కన పెట్టాడు.

"ఏంటి మావా ఇది?" లోవరాజు తడబడ్డాడు.

"ఇవాళ్టి నుంచి ఈ ఇళ్ళు నీవేరా. శాస్త్రిగారి ఎదట ఇస్తున్నాను. నేను పోయేదాకా ఆగక్కర్లేదు. ఇప్పుడీ పిల్ల నీ ఇంటి పిల్ల. ఈ పాప పెళ్ళిలో డోలెవరు కొట్టారు?"

"నేనే."

"తాళి కట్టే వేళకి వాళ్ళ నాన్న ఒళ్ళో నిద్రపోతోంది. నీ డోలు దెబ్బకి ఉలిక్కిపడి లేచి ఏడ్చింది. గుర్తుందా?"

లోవరాజు తల వంచుకున్నాడు. "గింజలు కొలవరు మావా. నాకు నలుగురు పిల్లలు."

"నాకూ కొలవలేదు. మీ అత్త పురుళ్ళు పోసి నెట్టుకొచ్చింది. నీ పెళ్ళాం చేతులు మాత్రం ఊరుకుంటాయా?"

బాల తలెత్తింది. "నొప్పెడుతుందా సత్తియ్యా?"

"కత్తి తియ్యందే నొప్పేంటమ్మా?" అన్నాడు సత్తియ్య. చూపు మాత్రం మేనల్లుడి మీదే ఉంది.

లోవరాజు ఆ గిన్నెకేసి చూశాడు. జుట్టు తడపడానికి నీళ్ళలో చెయ్యి ముంచలేదు. కత్తి మీద అరచెయ్యి ఆనించాడు. "నేనుండగా ఈ ఊళ్ళో పిల్లల జోలికి పోను మావా. ఒట్టు" అన్నాడు.

శాస్త్రిగారు గిరుక్కున తిరిగారు. "మరి నా గతేంటిరా? రేపు తద్దినానికి ఒక్క బ్రాహ్మడు మా గడప తొక్కడు."

"క్షౌరానికి మనిషి దొరకలేదని చెప్పండి బాబూ. పాపమంతా మా కులం నెత్తిన వెయ్యండి. మోస్తాం."

శాస్త్రిగారు మనవరాలి జుట్టు కేసి చూశారు. దాన్ని పోగుచేసి ముడి వేశారు. ముడి సరిగ్గా పడలేదు.

"దొరకలేదనే చెబుతాను" అన్నారు. "పదవే బాలా, ఎండెక్కుతోంది."

వాళ్ళు గట్టెక్కుతుంటే సత్తియ్య పడవలు కట్టే గుంజకు వీపు ఆనించి కూర్చున్నాడు. "ఒరే, వాళ్ళని ఇంటిదాకా దిగబెట్టు. దారిలో ఎవడేనా అడిగితే చెయ్యనన్నానని నువ్వే చెప్పు" అన్నాడు.

లోవరాజు ఇంటిదాకా వెళ్ళాడు. వీధి అరుగు మీంచి ఒకరు అడిగారు. చెప్పాడు. తిట్లు తిన్నాడు. ఆ సంగతి మావకు చెబుదామని గబగబా రేవుకొచ్చాడు.

సత్తియ్య అలాగే కూర్చుని ఉన్నాడు. గడ్డం గుండెల మీదికి వాలింది. దగ్గు ఆగిపోయింది. లోవరాజు రెండుసార్లు పిలిచాడు. తరవాత మెట్టు మీద కూలబడ్డాడు.

పక్కన ఇత్తడి గిన్నె అలాగే ఉంది. చెయ్యి ముంచినవాళ్ళు లేక ఎర్రమన్నంతా అడుక్కి దిగి, పైన నీళ్ళు తేటగా నిలిచాయి.