కాళీ నది మీద కట్టిన తాడు

గోదావరిఖనిలో జగదీశ్వర్ తుక్కు దుకాణం ఇరవై రెండేళ్లుగా నడుస్తోందంటే కారణం ఒక్కటే. ఏ వస్తువు ఇంకా ఎన్నాళ్లు పనికొస్తుందో అతను తాకి చెప్పగలడు. అందులో ఎంత బయటికి చెప్పాలో కూడా తెలుసు.

బొగ్గు బావిలోకి మనుషులను దించే ఇనుప తాడును, గడువు తీరితే చాలు, చూడ్డానికి ఎంత బాగున్నా పీకేసి వేలం వేస్తారు. అలాంటి తాడొకటి చలికాలంలో జగదీశ్వర్ పాడుకున్నాడు. అదే వారం మేనల్లుడు సంపత్ ఫోన్ చేశాడు. మందమర్రిలో పెరిగిన సంపత్, ఉత్తరాఖండ్ కొండల్లో రోడ్డు వేసే కాంట్రాక్టరు దగ్గర సూపర్‌వైజరు. అక్కడ కాళీ నదే సరిహద్దు. ఇవతలి గట్టు మనది, అవతలి గట్టు నేపాల్‌ది. రెండు గట్ల ఊళ్లూ పిల్లనిచ్చి పుచ్చుకుంటాయి కానీ, వంతెన చేరాలంటే రోజంతా నడవాలి. అడ్డంగా తాడు కట్టి, దానికి ఇనుప తొట్టి వేలాడదీసి, అటూ ఇటూ లాక్కుందామని ఊళ్లవాళ్ల ఆలోచన. జగదీశ్వర్ తన దగ్గరున్న తాడు అమ్ముతానన్నాడు.

“మనుషులు ఎక్కుతరు మామా. గట్టిదేనా?”

“బావిల మనుషులను దించిన తాడురా. పదేండ్లు ఫికర్ లేదు.”

మొదటి మాట నిజం. రెండోది బేరం. గడువు తీరిన సంగతి ఆ రెంటి మధ్య మింగేశాడు. బావికి పెట్టిన గడువు కొండలకెందుకనుకున్నాడు.

మే నెలలో ఒక మధ్యాహ్నం సదయ్య వచ్చాడు. ముప్పై ఏళ్లు బావిలో తాళ్లు అతికి రిటైరైన మనిషి. చాయ్ తాగుతూ, మూలన పడున్న మిగులు ముక్కను చూశాడు.

“దీని పెద్ద తాడు ఏడికి పోయింది సేటూ?”

“కొండలల్లకు. నది దాటనీకి.”

“సామానా, మనుషులా?”

జగదీశ్వర్ లెక్కల పుస్తకం తెరిచాడు. సదయ్య స్క్రూడ్రైవరు తీసుకొని ముక్క పురి విప్పాడు. పైన గ్రీజు నల్లగా నిగనిగలాడుతోంది. లోపలి నుంచి ఎర్రటి తుప్పు పొడి అతని లుంగీ మీద రాలింది.

“గ్రీజు ఎవలు పూసిన్రు?”

“నేనే కాకా.”

“మంచిగ పూసినవ్. పీనుగకు పౌడర్ కొట్టినట్టు.” ముక్కను కింద పెట్టాడు. “బావి నీళ్లు తాడును లోపల్నుంచి తింటయి బిడ్డా. గందుకే గడువు పెట్టిన్రు.”

చాయ్ సగంలోనే వదిలేసి వెళ్లిపోయాడు.

ఆ రాత్రి జగదీశ్వర్ తన అలవాటు ప్రకారం బేరీజు వేశాడు. మే నెల గోదావరి అంటే ఇసుక, నడుమ ఒక పాయ. ఆ నది కూడా అంతే కదా. వానలు జూన్ సగంలో కానీ పడవు. అప్పటిదాకా తాడు తెగినా ఇసుకలో పడతారు, కాలో చెయ్యో విరుగుతుంది. ఈలోగా ఏదో సాకు చెప్పి కొత్త తాడు పంపితే మనిషీ పోడు, తన మాటా పోదు. లెక్క కుదిరింది. తొమ్మిది రోజులు ఆ లెక్క మీదే పడుకున్నాడు కానీ నిద్ర మాత్రం సరిగా పట్టలేదు.

పదో రోజు సాయంత్రం సంపత్‌కు వీడియో కాల్ చేశాడు.

“ఈడ నలభై ఆరు డిగ్రీలురా. ఆడ నది ఎండిందా?”

సంపత్ నవ్వాడు. “ఎండుడేంది మామా! ఎండ కొడితేనే ఈ నది పెరుగుతది. పైన మంచు కరుగుతది గద. పొద్దుగాల జర నిమ్మలంగ ఉంటది. గీ టైముకు బండలను దొర్లిచ్చుకపోతది. చూడు.”

ఫోను తిప్పాడు. రెండు కొండల నడుమ ఇరుకులో బూడిద రంగు నీళ్లు నురగలు కక్కుతూ దూకుతున్నాయి. వాటి మీద, గాలిలో, తొట్టి. అందులో ఇద్దరు ఆడవాళ్లు, ఒక మూట.

తొట్టి ఇవతలి గట్టును తాకేదాకా జగదీశ్వర్ దాని పైనున్న తాడునే చూశాడు.

“సంపత్, ఇగ ఎవలనూ ఎక్కనీయకు.”

“ఏమైంది?”

“నట్టు ఏదన్న వదులైందేమోనని...”

“నట్లు నేనే బిగించిన మామా. పొద్దుగాలనే చూసిన.”

ఇంకో అబద్ధం దొరకలేదు. “తాడు గడువు తీరింది. లోపల తుప్పు పట్టింది. నాకు తెలుసు.”

సంపత్ ఫోనును తన వైపు తిప్పుకున్నాడు.

“నిన్న నేను దాని మీదనే పోయొచ్చిన,” అన్నాడు సంపత్. ఈసారి మామా అనలేదు. “సంతకొచ్చిన అవతలోళ్లు ఈడ పదిమంది ఉన్నరు. ఇండ్లకు పోవాలె. నేను చెప్ప. నువ్వే చెప్పు.”

ఫోను ఒక ముసలామె చేతికి వెళ్లింది. జగదీశ్వర్ తన బజారు హిందీలో చెప్పాడు. ఆమె మొత్తం విన్నది.

“ఎన్నాళ్లుగా తెలుసు?”

“పది రోజులు,” అన్నాడు. మళ్లీ, “కాదమ్మా. అమ్మిన రోజు నుంచి,” అన్నాడు.

ఆమె తిట్టలేదు. వెనక్కి తిరిగి తనవాళ్లకు వాళ్ల భాషలో ఏదో చెప్పింది. ఒకామె నెత్తి మీద చెయ్యి పెట్టుకుంది. మరొకామె చెప్పు పట్టీ బిగించుకుంది. వంతెన దాకా నడక.

“కొత్త తాడు పంపుతా అమ్మా.”

“పంపొద్దు. నువ్వే తీసుకురా. కట్టినాక మొదట నువ్వు ఎక్కు.”

“వస్తా,” అన్నాడు జగదీశ్వర్.

ఆమె అప్పటికే ఫోను సంపత్‌కిచ్చి, మూట వీపుకెత్తుకుంటోంది.