జహూర్ తెచ్చిన రెండు పెట్టెలు

జహూర్ ఆ రెండు పెట్టెలను దుబాయి నుంచి ఒళ్లో పెట్టుకుని తెచ్చాడు. మిగతా సామానుతో వేస్తే ఎవరు ఎక్కడ విసిరేస్తారోనని వాడి భయం. ఎల్లారెడ్డిలో మా ఇంటి ముందు ఆటో దిగి, ముందు పెట్టెలు నా చేతికిచ్చి, తర్వాతే చెప్పులు విప్పాడు.

"ఇవి కన్వర్టర్లు కాకా. ఒకటి నీది. ఏది నీదో నువ్వే చెప్పాలె."

నాది ఇత్తడి సామాన్ల దుకాణం. చదువు ఏడో తరగతి దగ్గర ఆగింది. పొద్దున పూజ, పగలు దుకాణం, సాయంత్రం కాసేపు కీర్తనలైనా నాదస్వరమైనా వినడం, ఇదీ నా రోజు. టేపులు సాగిపోయి పాడేవాళ్లందరికీ జలుబు చేసినట్టు వినబడుతుంటే, రెండేళ్ల కిందట హైదరాబాదు పోయి సీడీ ప్లేయరు, ఆంప్లిఫయరు, రెండు స్పీకర్లు తెచ్చుకున్నాను. ఏవి కొనాలో ఫోనులో చెప్పింది జహూరే. చిన్నప్పటి నుంచి నేనెరిగిన పిల్లవాడు. దుబాయిలో ఇట్లాంటి యంత్రాలమ్మే పెద్ద దుకాణంలో పనిచేసేవాడు.

సీడీ మీద పాట పాటలాగా ఉండదట, అంతా అంకెలేనట. ఆ అంకెలను మళ్లీ పాటగా మార్చే పని ప్లేయరు లోపల ఒక చిన్న ముక్క చేస్తుంది. అదే పనిని బయట పెట్టుకుని, తీరిగ్గా, శుభ్రంగా చేసేది ఈ కన్వర్టరు. నా దుకాణం లెక్కన చెప్పాలంటే, బిందె పోత పోసినవాడే మెరుగు కూడా పెడితే ఒక తీరు, మెరుగు పెట్టే మనిషి వేరే ఉంటే ఇంకో తీరు. నాకు అర్థమైనది అంతే. జహూర్ కూడా అంతకన్నా ఎక్కువ చెప్పలేదు.

ఒకటి నల్లగా, పలచగా ఉంది. రెండోది తెల్లటి వెండిరంగుది, ఎత్తితే బియ్యం డబ్బాలాగా బరువుంది.

చాయ్ తాగుతూ వాడు అసలు సంగతి చెప్పాడు. కామారెడ్డిలో ఇట్లాంటి యంత్రాల దుకాణం పెడదామని వచ్చాడు. వీసా ఇంకా ఉంది. నెలాఖరులోగా పోకపోతే అక్కడి కొలువు పోతుంది. మిగిలిన పెట్టెను నిజామాబాద్ డాక్టరొకాయన తీసుకుంటానన్నాడు, కానీ ముందు నేను విని మంచిదనాలట.

"మొదటి బేరం నువ్వు కాకా. నువ్వు మంచిగున్నదంటే ఆయన కొంటడు, ఆయనను చూసి ఇంకొకలు కొంటరు. నువ్వే వద్దంటే ఇంక నేను దుకాణం పెట్టి ఎవలికి అమ్మాలె? మల్ల విమానమెక్కుడే."

"మీ అమ్మ ఏమన్నది?"

"పోతే ఈసారి తాళమేసి తాను గూడ ఒస్తదట. ఎడారిల కోళ్లు పెంచుతదట." నవ్వుతూ గ్లాసు కింద పెట్టాడు. ఆదివారం వస్తానని చెప్పి కామారెడ్డి బస్సుకు పోయాడు.

మర్నాడు పొద్దున పూజ ముగించి నల్లదాన్ని పెట్టాను. నాదస్వరం ఇల్లంతా నిండింది. ఊదే మనిషి ఎక్కడ ఆగాడో, మళ్లీ ఎక్కడ ఎత్తుకున్నాడో స్పష్టంగా తెలుస్తోంది. సంతోషంగా దుకాణానికి పోయాను. సాయంత్రం వచ్చి వెండిరంగుదాన్ని పెట్టాను. పాట వెనక గుయ్‌మని ఒకటే రొద. సన్నటి స్వరాలన్నీ అందులో మునిగిపోయాయి. పెట్టె మీద చెయ్యి వేస్తే వేళ్లు జిల్లుమన్నాయి.

"తెల్లది చెడిపోయింది," అన్నాను నా భార్య గంగమణితో.

"దాన్ని గూడ పొద్దుగాల పెట్టి చూడరాదు? పాపం, అది పొద్దుగూకేసరికి అలిసిపోయిందేమో," అంది తను బియ్యం ఏరుతూ.

నవ్వులాటకే అంది కానీ, న్యాయంగానే తోచింది. మర్నాడు పూజ తర్వాత తెల్లదాన్ని పెట్టాను. ఒక్క మచ్చ లేదు. సాయంత్రం నల్లదాన్ని పెడితే అదే గుయ్‌మనే రొద.

ఇక నాకు ఏమీ అర్థం కాలేదు. కరెంటు వల్లనేమోనని స్టెబిలైజరు మార్చాను. పొలాల మోటార్లు నడిచే వేళనేమోనని, అవి ఆగాక కూడా పెట్టి చూశాను. లాభం లేదు. చివరికి మనసు ఒకటే దారి పట్టింది. పూజ తర్వాత బాగా పలుకుతోంది, కాబట్టి ఇది పూజ వల్లనే. సాయంత్రం కూడా స్నానం చేసి, దీపం పెట్టి, హారతి ఇచ్చి, గంట మోగించి మరీ మీట నొక్కాను.

గుయ్‌మంది.

"దేవునికి నీ డబ్బాతోని ఏం పని?" అంది గంగమణి హారతి కళ్లకద్దుకుంటూ.

ఆ మాట నన్ను పట్టుకుంది. పూజ చేస్తేనే పలికే పెట్టె అయితే డాక్టరు ఇంట్లో ఎట్లా పలకాలి? జహూర్ తల్లి నూరున్నీసా ఐదు పూటలా నమాజు చేసే మనిషి. ఆమె ఇంట్లో పెడితే పలకదా? నా దేవుడు అట్లా మనిషిని చూసి పలికించేవాడని అనుకోవడానికి నాకు మనసు ఒప్పలేదు. అట్లాగని వేరే కారణమూ దొరకలేదు. శనివారం రాత్రికి, రెండు పెట్టెలనూ తిరిగి ఇచ్చేయడం తప్ప దారి లేదనుకున్నాను. తెలిసి తెలిసి డాక్టరుకు మంచిదని ఎట్లా చెప్పను?

ఆదివారం మూడు దాటాక జహూర్ వచ్చాడు. వెంట తల్లి కూడా ఉంది. మోకాళ్ల నొప్పులతో గల్లీలోంచి మెల్లగా మెట్లెక్కి, వాకిలి దాటి వచ్చి, కుర్చీలో కూలబడింది.

"ఏం సిద్ధిరాములు, నా కొడుకును ఉంచుతున్నవా, పంపుతున్నవా? ఏదో ఒకటి చెప్తే ఊరగాయ పెట్టాల్నా వద్దా చూసుకుంట."

"మీరే వినుండ్రి," అని పాట పెట్టాను. ముందు నల్లది, తర్వాత తెల్లది. రెండూ రొద పెట్టాయి. జహూర్ మొహం వాడిపోయింది. తీగలన్నీ ఊడదీసి మళ్లీ బిగించాడు, ప్లగ్గు తిప్పి చూశాడు, ఆంప్లిఫయరు వెనక చెయ్యి పెట్టి వెనక్కి లాక్కున్నాడు.

"అక్కడ ఇట్ల రాలేదు కాకా. నేనే విని తెచ్చిన. రెండూ విన్న."

"నీ మీద నాకు అనుమానం లేదురా," అన్నాను. "కానీ డాక్టరుకు ఏమని చెప్పమంటవు?"

వాడు పెట్టె ముందు చతికిలబడ్డాడు. పాట మాత్రం ఆ రొదలోనే సాగుతోంది.

నూరున్నీసా లేచింది. "అసర్ నమాజు వేళైంది. వజూ చేసుకుంట, ఇన్ని నీళ్లియ్యి బిడ్డా." నమాజుకు ముందు ఆమె ముఖం, చేతులు, కాళ్లు కడుక్కోవాలి. మా నీళ్ల తొట్టి పెరట్లో ఉంది, అక్కడికి మళ్లీ మెట్లు దిగాలి. అందుకని గంగమణి ముందు వాకిట్లోనే, తులసికోట వెనక గోడ నీడలో, పీట వేసి బిందెడు నీళ్లు పెట్టింది.

"తులసి కాడ వద్దు బిడ్డా, నువ్వు పూజ చేస్తవు కద."

"కోటకు అవుతల ఉన్నది అక్కా. నీళ్లు మట్టిలకు పోతయి. కూసో."

లోపల నేనూ జహూరూ తలలు వంచుకుని కూర్చున్నాం. బయట చెంబుతో నీళ్లు పోసుకుంటున్న చప్పుడు. కాసేపటికి నాదస్వరం వెనకాల ఏదో తగ్గినట్టనిపించింది. తల ఎత్తాను. జహూర్ అప్పటికే తల ఎత్తి ఉన్నాడు. గుయ్‌మనే రొద పలచబడింది, తీగలాగా అయింది, పోయింది. డోలు మీద వేలు తగిలిన చప్పుడు కూడా వినబడుతోంది.

వాడు పెట్టె మీద చెయ్యి వేశాడు. జిల్లుమనలేదు.

ఒక్క ఉరుకున వాకిట్లోకి పోయాడు. వెనకే నేను. నూరున్నీసా కాళ్లు కడుక్కుంటోంది. ఆ నీళ్లు పారి గోడ వారన ఒక ఇనప పైపు చుట్టూ ఇంకుతున్నాయి. యంత్రాల్లో మిగులు కరెంటు నేలలోకి దిగిపోవడానికి, ఇల్లు కట్టినప్పుడు కరెంటు మేస్త్రి పాతిన ఎర్తు పైపు అది. అది అక్కడ ఉందన్న సంగతే నేను మరిచిపోయాను.

"ఎండాకాలం కాకా. మట్టి ఎండిపోయి ఎర్తు పనిచేస్తలేదు. ఉత్త ప్లేయరుకు ఎర్తుతోని పని లేకుండె, ఈ పెట్టెలకు ఉన్నది. తడి తగలంగనే పట్టుకున్నది." తులసికోట వైపు చూసి గంగమణిని అడిగాడు. "కాకీ, పొద్దుగాల దీనికి ఎన్ని నీళ్లు పోస్తవు?"

"బిందెడు," అంది గంగమణి. "కోట తూముల నుంచి అటే పోతయి."

పొద్దున పూజ నీళ్లు. సాయంత్రానికి వైశాఖపు ఎండకు అవి ఆవిరయ్యేవి. నేను హారతి ఇచ్చానే గానీ నీళ్లు పోయలేదు. ఇప్పుడు పోసింది నూరున్నీసా.

"నేనేం ఖరాబు చేసిన?" అంది ఆమె, అందరం తన కాళ్ల దగ్గర నిలబడి చూస్తుంటే.

"ఖరాబు చేయలేదు అమ్మీ. బాగు చేసినవు."

"చేస్తే చేసిన గని జరుగుండ్రి, వేళ దాటుతది."

ఆమె లోపలి గదిలో నమాజు చేసుకున్నంతసేపూ పాట ఆపేశాం. నేను వాకిట్లోనే నిలబడ్డాను. ఇన్నాళ్లూ దేవుడు పలికించాడని అనుకున్నాను. ఇప్పుడు మట్టి, నీళ్లు, ఇనుము అని తెలిసింది. తెలిశాక దేవుడు దూరమైనట్టు అనిపించలేదు. ఎందుకో నాకు తెలియదు. ఇంకా ఆలోచిస్తూనే ఉన్నాను.

ఆమె నమాజు ముగిసేలోపు జహూర్ పైపు చుట్టూ తవ్వి, తడి నిలవడానికి ఉప్పు, బొగ్గు వేసి, రెండు బిందెలు కుమ్మరించాడు. ఆ తర్వాత అసలు పరీక్ష. పెట్టెల మీద తువ్వాల కప్పి, ఏది పలుకుతోందో మాకు తెలియకుండా ఒకటి తర్వాత ఒకటి వినిపించాడు.

"నాకు రెండూ ఒక్క తీరుగనే ఉన్నయి," అంది గంగమణి.

"రెండోది," అంది నూరున్నీసా. "మొదటిదాంట్ల ఊదేటోడు అవుతలి గదిల ఉన్నడు. దీంట్ల మన నడుమ కూసున్నడు. దమ్ము తీసుకునుడు గూడ ఇనొస్తుంది."

నాకూ రెండోదే. ఎన్నోసార్లు మార్చి మార్చి వినిపించాడు, ప్రతిసారీ దాన్నే పట్టుకున్నాను. ఇద్దరు అన్నదమ్ములు కలిసి ఊదిన ఇంకో సీడీ పెడితే, పెద్దవాడు ఎక్కడ తగ్గి చిన్నవాడికి దారి ఇచ్చాడో దాంట్లో తెలుస్తోంది. జహూర్ తువ్వాల తీశాడు. వెండిరంగుది. మొదటి రోజే చెడిపోయిందని నేను పక్కన పెట్టినది.

"ఇది నాది," అన్నాను. "నల్లది గూడ మంచిదే. డాక్టరుకు రేపు పొద్దున నేనే ఫోను చేస్త. ఎందుకు మంచిదో గూడ చెప్త."

వాడు తల ఊపాడు. తువ్వాల మడిచి పక్కన పెట్టాడు. గంగమణి తలుపులు, కిటికీలు బార్లా తెరిచింది. నేను చప్పుడు పెంచాను. నాదస్వరం వాకిలి దాటి, గల్లీ దాటి పోయింది. సైకిలు మీద పోతున్నవాళ్లు కాలు కింద ఆన్చి ఆగారు. పక్కింటి హన్మండ్లు భుజాన కండువాతో గడప దాకా వచ్చాడు.

"ఎవలింట్ల పెండ్లి సిద్ధిరాములు? మాకు చెప్పనే లేదు."

జవాబు చెప్పింది నేను కాదు. జహూర్ నా పక్క నుంచి గడపలోకి వచ్చి నిలబడ్డాడు.

"పెండ్లి కాదన్నా. కామారెడ్డిల దుకాణం పెడుతున్న. వచ్చే నెల."

లోపల కుర్చీలోంచి నూరున్నీసా గొంతు వినబడింది. "గంగమణీ, మీ దిక్కు మామిడికాయ ఎట్ల ఇస్తున్నరు? నాకు పెద్ద జాడీకి కావాలె."