అమ్మేసిన పేరు

ఆ వీధిలో ఆమెను అందరూ బొమ్మలావిడ అనేవాళ్ళు. భర్త దర్జీ. ముందు గదిలో ఆయన మిషను, గుడ్డ కత్తిరించే బల్ల. వెనక గదిలో ఆమె బొమ్మలు. ఆయన కత్తెర కింద రాలిన ముక్కలన్నీ ఆమె ఒళ్ళోకి చేరి కాళ్ళూ చేతులూ తొడుక్కునేవి.

మొదటి బొమ్మ కుట్టింది కూతురి కోసం. ఆ పిల్లకు ఎడమ కంటి కింద ఆవగింజంత పుట్టుమచ్చ. అందుకే ఇంట్లో చుక్కి అని పిలిచేవాళ్ళు. బడిలో రాయించిన పేరు పంతులమ్మకు తప్ప ఎవరికీ గుర్తుండేది కాదు. జ్వరంతో మంచాన పడ్డప్పుడు చుక్కి, "నాలాంటిదాన్ని ఒకదాన్ని కుట్టవే అమ్మా. ముందు అది మందు తాగితే, తర్వాత నేను తాగుతా" అంది. తల్లి కుట్టింది. కంటి కింద నల్లదారంతో చుక్క పెట్టింది. బొమ్మ మందు తాగింది, పిల్లా తాగింది. అయినా పిల్ల దక్కలేదు.

చాలాకాలం ఆమె సూది ముట్టలేదు. ఒకరోజు పక్కింటివాళ్ళు, మా పిల్ల బడికి పోనని ఒకటే ఏడుపు, ఒక బొమ్మ కుట్టిపెట్టమ్మా అని బతిమాలారు. కాదనలేక కూర్చుంది. బొమ్మ పూర్తయ్యాక చూసుకుంటే, తను అనుకోకుండానే చెయ్యి కంటి కింద చుక్క పెట్టేసింది. విప్పడానికి మనసొప్పలేదు. ఆ తర్వాత కుట్టిన ప్రతి బొమ్మకూ చుక్క పెట్టింది. దర్జీ బోర్డు మీద 'చుక్కి బొమ్మలు' అని రంగుతో రాశాడు.

"చుక్కి ఉందా అండీ?" అంటూ ఎవరో ఒకరు గుమ్మంలో నిలబడేవాళ్ళు.

"ఉందండీ, లోపలుంది" అనేది ఆమె.

ఆ ఒక్క మాట అనడం కోసమే ఆమె పొద్దున్నే తలుపు తీస్తుందని దర్జీకి తెలుసు. తెలిసినా పైకి ఎప్పుడూ అనలేదు.

బొమ్మలకు గిరాకీ పెరిగింది. సాయానికి మరో ముగ్గురు ఆడవాళ్ళు వచ్చారు. అందరిలోకి పెద్దది గుండీలక్క. బొమ్మల కళ్ళకు గుండీలు కుట్టేది ఆవిడే కాబట్టి ఆ పేరు. నలుగురూ చేరితే వెనక గదిలో నవ్వులకు ముందు గదిలో దర్జీ కొలతలు మర్చిపోయేవాడు.

అలా ఉండగా ఒక కంపెనీ నుంచి ఆఫీసరు వచ్చాడు. చెప్పులు బయట విడిచి, అమ్మగారూ అంటూ నేల మీదే కూర్చున్నాడు. బొమ్మను చేతిలోకి తీసుకుని తలా వీపూ తడిమి చూశాడు.

"దీన్ని ఈ వీధిలో ఉంచేశారేంటమ్మా? ఊరూరా తిరగాల్సిన బొమ్మ ఇది. మీ వ్యాపారం మా కంపెనీకి అమ్మండి. మీవాళ్ళకు పని ఉంటుంది, మీ సలహా ఉంటుంది. చుక్కి పేరు తెలియని పిల్ల ఉండదు."

చివరి మాట దగ్గర ఆమె మనసు కరిగింది. దర్జీకి కళ్ళు మసకలేస్తున్నాయి, ఆమెకు వేళ్ళ కణుపులు పట్టేస్తున్నాయి. ఇంకెన్నాళ్ళు కుట్టగలరు? వాళ్ళు పోయాక చుక్కి అని పిలిచేవాళ్ళెవరు?

ఎదురింటి మేడ మీద ఉండే ప్లీడరమ్మ ఈ సంగతి విని కిందికి దిగొచ్చింది. "అక్కా, సంతకం పెట్టేముందు ఆ కాగితాలు నాకోసారి చూపించు. ఫీజు వద్దు, కాస్త టీ ఇయ్యి, చాలు. కొనేవాళ్ళ ప్లీడరు వాళ్ళ మేలు కోరి రాస్తాడు. అది తప్పు కాదు. నీ మేలు కోరి చదివేవాళ్ళు కూడా ఒకరుండాలిగా."

ఆవిడ వెళ్ళాక మొగుడూ పెళ్ళాలు తర్జనభర్జన పడ్డారు.

"అంత మర్యాదగా కూర్చున్న మనిషి. ఆయన ఇచ్చిన కాగితం తీసుకెళ్ళి ప్లీడరుకు చూపిస్తే ఏమనుకుంటాడు?" అన్నాడు దర్జీ.

"అవునండీ. ఇంటికొచ్చిన చుట్టం జేబులు తడిమినట్టుంటుంది" అంది ఆమె.

మొహమాటం అంతపని చేసింది. కట్ట మందంగా ఉంది. ఆఫీసరు వేలు పెట్టి చూపించిన చోటల్లా ఇద్దరూ సంతకాలు చేశారు. ఆవేళ ఆమె గుండీలక్కతో, "నా పిల్ల దేశాలు తిరగబోతోందే" అని మురిసిపోయింది.

కొన్ని నెలలకు కొత్త బొమ్మలు మార్కెట్లోకి వచ్చాయి. పెద్ద బజారులో అద్దాల షాపు నిండా చుక్కి బొమ్మలేనని ఎవరో చెబితే, ఉతికిన చీర కట్టుకుని భర్తను వెంటబెట్టుకుని వెళ్ళింది. వరసగా నిలబెట్టిన అట్టపెట్టెలు, వాటి మీద మెరిసే అక్షరాల్లో కూతురి పేరు. ఆత్రంగా ఒక పెట్టె అందుకుంది. ఎడమ కంటి కింద ఏమీ లేదు. ఇంకోటి తీసింది. దానికీ లేదు. షాపులో కుర్రాడు, "ఏం వెతుకుతున్నారమ్మా?" అని అడిగితే పెట్టెను ఉన్నచోటే సర్దిపెట్టింది.

దర్జీ ఆఫీసరుకు ఫోను చేశాడు.

"ఆ మచ్చ చూసి మాసిన బొమ్మ అంటగట్టారని కొందరు వెనక్కి పంపారండీ. అందుకని తీసేయించాం" అన్నాడు ఆఫీసరు. అతని గొంతులో కపటమేమీ లేదు. బొమ్మలిప్పుడు దూరంగా ఫ్యాక్టరీలో తయారవుతున్నాయి కాబట్టి గుండీలక్క వాళ్ళకు కూడా వచ్చే వారం నుంచి పని ఉండదని అదే గొంతుతో చెప్పాడు.

'మాసిన బొమ్మ' అన్న మాట భర్త నోట విని ఆమె నల్లదారం ఉండ వెతికి తీసింది. మర్నాడు గుడ్డముక్కలు ముందేసుకుని కూర్చుంది. అమ్మడానికి కాదు. పిల్లల ఆసుపత్రిలో మంచాల మీదున్నవాళ్ళకు పంచడానికి. ప్రతి బొమ్మకూ చుక్క పెట్టింది. అక్కడి నర్సు సంబరపడి, 'చుక్కి బొమ్మలు మళ్ళీ వచ్చాయి' అని ఫోటోలు తీసి పదిమందికి పంపింది.

కంపెనీ ప్లీడరు నుంచి నోటీసు రావడానికి అది చాలింది.

ఈసారి ఆమే మెట్లెక్కి వెళ్ళింది. ప్లీడరమ్మ అగ్రిమెంటు మొత్తం చదివేదాకా మొగుడూ పెళ్ళాలిద్దరూ ఎదురుగా బల్ల మీద కూర్చున్నారు. చదవడం అయ్యాక ప్లీడరమ్మ కళ్ళద్దాలు తీసింది.

"అక్కా, నువ్వు మిషన్లూ సరుకూ మాత్రమే అమ్మలేదు. బొమ్మ పేరు, రూపు, కంటి కింద గుర్తు, అన్నీ రాసిచ్చావు. ఐదేళ్ళ దాకా అలాంటి బొమ్మ చెయ్యనని కూడా రాసిచ్చావు. అమ్మినా, ఊరికే ఇచ్చినా ఒకటేనని ఉంది. ఐదేళ్ళ తర్వాత బొమ్మలు కుట్టుకోవచ్చు. ఆ పేరూ ఆ చుక్కా మాత్రం ఎప్పటికీ వాళ్ళవే."

"వాళ్ళు వద్దని పారేసిన చుక్కేగా?"

"పారేసినా వాళ్ళదే."

"నా కూతురి పేరమ్మా అది. కన్నది నేను. దాన్ని నేను పిలవకూడదా?"

"నీ కూతుర్ని పిలుచుకో అక్కా, ఎవరూ ఆపలేరు. బొమ్మనే అలా పిలవకూడదు." ప్లీడరమ్మ కాగితాల కట్ట మూసింది. "గుర్తు వాడకపోతే తిరిగి నాకిచ్చెయ్యాలి, పనివాళ్ళను ఇన్నాళ్ళు ఉంచాలి అని రెండు మాటలు ముందే రాయించి ఉంటే సరిపోయేది. అప్పట్లో వాళ్ళు ఒప్పుకునేవాళ్ళు కూడా. కొనాలని తహతహలాడుతున్నది వాళ్ళేగా."

నేను ముందే చెప్పానుగా అని ఆవిడ అనలేదు. అని ఉంటేనే నయమనిపించింది బొమ్మలావిడకు.

కోర్టు దాకా పోకుండా రాజీకి కంపెనీ ఒప్పుకుంది. వాళ్ళ ఆఫీసులో పొడవాటి బల్లకు అటు ఆఫీసరు, ఇటు వీళ్ళు ముగ్గురు. పేరు తిరిగి కొనుక్కుంటామని వీళ్ళు అడిగారు. అమ్మే ఉద్దేశం కంపెనీకి లేదన్నాడు ఆఫీసరు. చుక్క ఒక్కటైనా వదిలెయ్యమన్నారు వీళ్ళు. పైవాళ్ళు ఒప్పుకోరన్నాడు అతను, తల వంచుకుని. ఆసుపత్రిలో పంచిన బొమ్మల జోలికి మాత్రం రామన్నాడు. ఇంట్లో మిగిలినవి ఇచ్చెయ్యాలి. దర్జీ సంచిలోంచి ఒక్కొక్కటే తీసి బల్ల మీద పెట్టాడు.

"ఇంకేమైనా ఉన్నాయా అండీ? పాతవి కూడా?" అడిగాడు ఆఫీసరు.

"మొదటిదొకటి ఉండేది బాబూ" అన్నాడు దర్జీ. "పిల్లతోపాటు పంపించేశాం. చేతిలోంచి తియ్యబుద్ధి కాలేదు."

ఆఫీసరు కలం కింద పెట్టేశాడు. "నాకు తెలియదమ్మగారూ. అది మనిషి పేరని నాకెవరూ చెప్పలేదు" అన్నాడు చివరికి. నిజమే, వీళ్ళూ చెప్పలేదు. చెప్పినా కాగితంలోకి ఎక్కేది కాదేమో.

ప్లీడరమ్మ రాజీ కాగితాన్ని ఒక్కో వాక్యం చదివి, అర్థం చెప్పి, తెలిసిందా అక్కా అని అడిగి మరీ ముందుకు వెళ్ళింది. ఆమెకు అంతా తెలిసింది. తెలిసి తెలిసి సంతకానికి కలం అందుకుంది. దర్జీ ఆమె మణికట్టు పట్టుకున్నాడు. కాగితం మీద అక్షరాలు వంకరగా పడ్డాయి.

బయటికొచ్చి బస్సు కోసం నిలబడ్డారు. ప్లీడరమ్మ, నాకు ఇటు పనుంది అంటూ కావాలనే వెళ్ళిపోయింది. ఒక బస్సు వచ్చింది, ఎక్కలేదు. ఇంకోటి వచ్చింది, అదీ ఎక్కలేదు. పిల్ల పోయిన రోజు కూడా పదిమందిలో గుట్టుగా ఏడ్చిన మనిషి, ఆ రోడ్డు పక్కన భర్త చొక్కా పట్టుకుని వెక్కివెక్కి ఏడ్చింది. వచ్చేపోయేవాళ్ళు చూస్తున్నారని కూడా లేదు.

"అప్పుడు దేవుడు తీసుకున్నాడండీ. ఇప్పుడు నేనే ఇచ్చేశాను" అంది.

దర్జీ ఇంకో బస్సునూ పోనిచ్చాడు. ఆమె వీపు నిమురుతూ నిలబడ్డాడు.

ఆ తర్వాత చాలా రోజులకు గుండీలక్క వచ్చి, చేతులూరుకోవడం లేదు, ఏదో ఒకటి కుడదామని పోరుపెట్టింది. గుడ్డ సంచులు మొదలుపెట్టారు. ఇద్దరూ భాగస్తులు కాబట్టి ప్లీడరమ్మ దగ్గర కూర్చుని ఒప్పందం రాయించుకున్నారు, ఎవరు తప్పుకుంటే ఏమిటో, ఎవరు పోతే ఏమిటో అన్నిటితో సహా. సంచులు బాగానే అమ్ముడుపోతున్నాయి.

"వీటికి ఒక మంచి పేరు పెడదామే" అని గుండీలక్క అప్పుడప్పుడూ గొడవ చేస్తుంది.

"సంచులకు పేరెందుకక్కా, సంచులంటే చాలు" అంటుంది ఆమె, మిషను మీంచి తలెత్తకుండా.